డిజైన్ చదువు, తప్పు ఖరీదు

బొమ్మలు బాగా వేసే పిల్లలు ఇంటర్ పూర్తిచేస్తే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. "బొమ్మలు కూడు పెడతాయేటి, బీటెక్‌లో చేరు" అనేది మొదటిది. "ఫోటోషాప్, కోరల్‌డ్రా మూడు నెలలు నేర్చేసుకుంటే ఏదో ఒక ఫ్లెక్సీ షాపులో పడిపోతావు" అనేది రెండోది. మొదటిదానితో గొడవ పాతదే, వదిలేద్దాం. నా పేచీ అంతా రెండోదానితో. చూడ్డానికి అది మంచి సలహాలాగే ఉంటుంది, ఖర్చు తక్కువ, పని వెంటనే దొరుకుతుంది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే కుర్చీ, అదే జీతం, పక్కన కొత్తగా చేరిన కుర్రాడు అదే పని ఇంకా తక్కువకి చేస్తుంటాడు.

ఏ డిజైన్ పనికి ఎంత వస్తుందో తేల్చుకోవడానికి నా దగ్గర ఒక కొలత ఉంది: ఆ పనిలో తప్పు జరిగితే నష్టం ఎవరికి, ఎంత? పుట్టినరోజు ఫ్లెక్సీలో పేరు తప్పు పడితే నాయకుడు ఒక పూట కేకలేస్తాడు, మర్నాటికి కొత్తది కట్టేస్తారు. వాట్సాప్‌లో పంపే సంక్రాంతి పోస్టరులో తప్పుంటే ఆ కేకలు కూడా ఉండవు. అదే జీడిపప్పు ప్యాకెట్ మీద బార్‌కోడ్ చదవకపోతే సరుకంతా దుకాణం నుంచి తిరిగొస్తుంది. నష్టం పెద్దదైన చోట దాన్ని ముందే పట్టుకునే మనిషికి డబ్బిస్తారు. నష్టం లేనిచోట ఎవరు చేసినా ఒకటే కాబట్టి ఎవరు తక్కువడిగితే వాళ్లకే ఇస్తారు. బొమ్మలు పుట్టించే ఏఐ టూల్స్ వచ్చాక ముందుగా పోతున్నవి కూడా ఈ రెండో రకం పనులే.

మాటలెందుకు, ఒక పని విప్పి చూద్దాం. పలాస జీడిపప్పు, 200 గ్రాముల స్టాండ్-అప్ పౌచ్. డిజైన్ చదివే ఏ ఉత్తరాంధ్ర విద్యార్థికైనా ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదని నా నమ్మకం.

మూడు నెలల కోర్సు చదివినవాళ్లు ఈ పనికి కూర్చుంటే ముందు జీడిపండు బొమ్మ వెతుకుతారు. చదువుకున్న డిజైనర్ ముందు స్కేలు తీస్తాడు. పౌచ్ పైనా పక్కలా సీల్ పడే పట్టీలో, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు, అక్షరం ఉండకూడదు, ఉంటే వేడికి నలిగిపోతుంది. కింద మడత విచ్చుకుని నిలబడే భాగంలో రాసినది షెల్ఫ్ మీద ఎవరికీ కనబడదు. చింపే గాటు, జిప్ ఎక్కడొస్తాయో కొలిచి పెట్టుకోవాలి, లేకపోతే బ్రాండ్ పేరు నడుమ నుంచే ప్యాకెట్ చిరుగుతుంది.

తర్వాత చట్టం. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, 14 అంకెల లైసెన్సు నంబరు, ఒకటికి మించి ఉంటే పదార్థాలు, 100 గ్రాములకు పోషక విలువలు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, గ్రాముకు ఎంత పడుతుందో చెప్పే యూనిట్ సేల్ ప్రైస్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. జీడిపప్పు అలర్జీ కలిగించే గింజల జాబితాలో ఉంది కాబట్టి ఆ మాట విడిగా రాయాలి. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్కకు కూడా కొలతుంది: ముందు ముఖం 100 నుంచి 500 చదరపు సెంటీమీటర్ల మధ్య ఉంటే చుక్క వ్యాసం కనీసం 4 మిల్లీమీటర్లు, చుట్టూ గడి భుజం దానికి రెట్టింపు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ వివరాలన్నీ ఒక్క తెలుగులో రాస్తే చెల్లదు. ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి, తెలుగు దానికి అదనంగా పెట్టుకోవచ్చు. అంటే రెండు లిపులు పక్కపక్కన కుదిరేలా అక్షరాలు ఎంచుకోవడం మొదటి రోజే మొదలవుతుంది.

తేదీ, బ్యాచ్, ధర డిజైన్‌లో ముద్రించరు, ప్యాకింగ్ రోజున చిన్న మెషీన్‌తో కొడతారు. దానికి లేత రంగులో ఖాళీ గడి వదలాలి. ముదురు మెరూన్ మీద నల్ల ఇంకుతో కొట్టిన తేదీ ఎవరికీ కనబడదు.

బార్‌కోడ్ దగ్గర జరిగే తప్పు మరీ విచిత్రం. సరుకుల మీద ఉండే 13 అంకెల ఈఏఎన్-13 కోడ్ అసలు కొలత 37.29 × 25.93 మిల్లీమీటర్లు, దాన్ని 80 శాతం వరకే తగ్గించొచ్చు. చోటు చాలడం లేదని ఇంకా నొక్కేస్తే గీతలు కలిసిపోతాయి. రెండు చివర్లా ఉండే ఖాళీని "అందంగా లేదు" అని కత్తిరించినా చదవదు. ప్యాకెట్ ఎరుపుతో నడుస్తోంది కదా అని గీతలు కూడా ఎరుపులో పెడితే కంటికి శుభ్రంగానే ఉంటుంది. కానీ స్కానర్ వెలుతురు ఎరుపు, దానికి ఎర్ర గీత, తెల్ల కాగితం ఒకేలా కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర పిల్ల నాలుగుసార్లు తిప్పి చూసి పక్కన పెట్టేస్తుంది.

ఇక గింజ కనబడేలా కిటికీ పెట్టాలా వద్దా. పలాసలో కొనేవాళ్లు గింజ సైజు చూసి కొంటారు. డబ్ల్యూ-240 అంటే పౌనుకు 220 నుంచి 240 గింజలు, డబ్ల్యూ-320 అంటే 300 నుంచి 320. నంబరు చిన్నదైతే గింజ పెద్దది, ధర ఎక్కువ. కిటికీ ఉంటే కొనేవాడికి నమ్మకం. కానీ వెలుతురు, గాలి తగిలేకొద్దీ పప్పులో నూనె తొందరగా చెడి ముక్కవాసన వస్తుంది. అందుకే లోపల లోహపు పూత వేసిన మెటలైజ్డ్ పొర ఉన్న ప్యాకెట్ ఎక్కువ రోజులు నిలబెడుతుంది, దానికి కిటికీ ఉండదు. ఎంచుకోవలసింది వ్యాపారి, రెండు దారుల లాభనష్టాలు ముందు పెట్టాల్సింది డిజైనర్. కిటికీ పారదర్శక ఫిల్మ్‌తోనే వస్తుంది, ఆ ఫిల్మ్ మీద లోపలి వైపు నుంచి అద్దంలో తిప్పినట్టు ముద్రిస్తారు, రంగులన్నీ పడ్డాక చివర్లో తెలుపు. ఫైలులో ఆ తెలుపు పొర విడిగా ఇవ్వకపోతే రంగులు పలచబడి, లక్ష్మీదేవి బొమ్మ వెనక నుంచి పప్పు కనిపిస్తుంది.

ఈ ముద్రణకు వాడే గ్రావ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. సిలిండర్ చెక్కాక అక్షరదోషం బయటపడితే ఆ రంగుకు కొత్త సిలిండరే దారి. అందుకే చిన్న వ్యాపారికి ఆరు రంగుల పౌచ్ అంటగట్టడం మంచి డిజైన్ కాదు. మార్కెట్లో దొరికే సాదా పౌచ్ కొని, మంచి స్టిక్కర్ లేబుల్ ఒకటి ముద్రించి అతికించమనడం మేలు. అలా చెప్పే డిజైనర్‌కి ఆ రోజు ఫీజు తగ్గుతుంది, కానీ ఆ వ్యాపారి ఇంకెక్కడికీ పోడు.

ఇందులో సాఫ్ట్‌వేర్ పాలెంత? నా లెక్కలో అయిదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా కాలేజీలో నేర్పాల్సింది.

తప్పు ఖరీదైన రెండో చోటు తెలుగు అక్షరం. ఇంగ్లీషు అక్షరాలు సవరించడం దేశమంతా చేస్తారు. ఒత్తులు, గుణింతాలు ఉన్న లిపిని పేజీలో కూర్చోబెట్టగలిగేవాళ్లు తక్కువ. చిన్న పరీక్ష చేసి చూడండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా భాషల లేఅవుట్ ఎంపిక ఆన్ చేయకుండా యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదివే ఉమ్మడి అక్షర కోడ్) జిల్లా పేరు టైప్ చేస్తే శ్రీకాకుళం కాస్తా "శ్‌రీకాకుళం" అయి కూర్చుంటుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఈ ఒక్క సెట్టింగు తెలియక "యూనికోడ్ విరిగిపోతుంది సార్" అని పాత అను ఫాంట్లకే అతుక్కుపోయినవాళ్లు ఎందరో. అను వాడటం తప్పని అనను, మన ప్రెస్సులు ఇన్నేళ్లు దాని మీదే నడిచాయి. కానీ ఆ ఫైలులో నిజంగా ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి, ఫోన్‌లో చదవడానికి రాదు, వెతికితే దొరకదు. ఇప్పుడు ఒకే మేటర్ ఫ్లెక్సీకీ, వెబ్‌సైటుకీ, యాప్‌కీ పోవాలి. రెండు పద్ధతులూ వచ్చి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఏ ఒత్తు ఎక్కడ జారుతుందో కనిపెట్టేవాళ్లకి పని కొరత ఉండదు.

వరుసల మధ్య దూరం ఇంకో గొడవ. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది అక్షరం సైజుకు 120 శాతం, 12 పాయింట్లకు 14.4. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో పై వరుసలో "లక్ష్మీ" ఉండి, సరిగ్గా దాని కింద గుడి ఉన్న అక్షరం పడితే రెండూ గుద్దుకుంటాయి. 12 పాయింట్ల తెలుగుకి 18 నుంచి 20 పాయింట్లు ఇస్తే ఊపిరాడుతుంది. చోటు చాలనప్పుడు అక్షరాల వెడల్పు 70 శాతానికి నొక్కడం మన షాపుల్లో రోజువారీ వైద్యం. గుండ్రని తెలుగు అక్షరం కోడిగుడ్డయిపోతుంది, నిలువు గీతలు సన్నబడి దూరం నుంచి కనబడవు. నొక్కే బదులు సహజంగానే ఇరుకుగా గీసిన ఫాంటు వెతకండి, లేదా రెండు మాటలు తీసేయమని క్లయింటుకి చెప్పండి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర, చదివే మేటరుకు మండలి బాగా పనిచేస్తాయి. గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. ఒకరిది విజయనగరం, ఇంకొకరిది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేట, వాళ్ల ఊళ్ల షాపు బోర్డుల మీద ఆ ఫాంట్లు ఇంకా కొత్త ముఖాలే.

మరి ఇవన్నీ ఎక్కడ నేర్పుతారు? పేర్లు చెప్పడం తేలిక కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్ఏలో అప్లైడ్ ఆర్ట్ నాలుగేళ్ల కోర్సు, హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ), 2020లో మొదలైన కడప ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఉంది. మనకు దగ్గరలో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. డిజైన్ డిగ్రీ బీడిజైన్ చదవాలంటే 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, ప్రవేశ పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్లకు ఐఐటీ బాంబే జరిపే ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయాలి. దీనికి ఎంపీసీనే అక్కర్లేదు, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలూ రాయొచ్చు. మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, అందులో ఒక గంట చేత్తో బొమ్మ గీసే భాగం. వరుసగా రెండేళ్లలో రెండుసార్లే అవకాశం. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు బొమ్మ దగ్గర కాకుండా ప్రశ్న అర్థం చేసుకునే దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు కాబట్టి పాత ప్రశ్నపత్రాలు ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే చదవాలి.

పేరు కన్నా కాలేజీలో అడగాల్సిన ప్రశ్నలు ముఖ్యం. రంగుల కరపత్రాల్లో ఐమ్యాక్ ల్యాబ్ ఫోటో చూసి ఫీజు కట్టేయకండి. ఏడాదిలో విద్యార్థి పని ఎన్నిసార్లు నిజంగా ప్రెస్సుకి వెళ్లి ముద్రణై వస్తుందో అడగండి. తెలుగు అక్షరాలు చేత్తో గీయించే క్లాసు ఉందా? బోధించేవాళ్లలో బయట పని చేస్తున్నవాళ్లు ఎందరు? మూడో ఏడు విద్యార్థి ఫైలు తెరిపించి చూడండి. చివరి బొమ్మ ఒక్కటే ఉంటే అనుమానించండి. కొట్టేసిన చిత్తుప్రతులు పాతిక ఉంటే అక్కడ చదువు జరుగుతోంది. ప్రైవేటు కాలేజీ అయితే డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీయో, దానికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో, ఊళ్లో పెట్టిన ఆ సెంటర్‌కి అనుమతి ఉందో లేదో కాగితం మీద చూడండి.

మంచి కాలేజీలో చేరాక కూడా మొదటి ఏడాది పిల్లలకి ఒక నిస్పృహ తప్పదు: "కంప్యూటర్ ముట్టుకోనివ్వరు, ఎప్పుడు చూసినా పోస్టర్ కలర్సే." తొమ్మిది మెట్ల గ్రే స్కేలు వేయిస్తారు, తెలుపు నుంచి నలుపు దాకా సమానమైన మెట్లు. నలుపులో తెలుపు కలపబోతే సీసా అంతా పోసినా తేలదు. తెలుపులో నలుపు చుక్కచుక్కగా కలపాలి. ఆరు, ఏడు మెట్ల మధ్య దాదాపు అందరికీ పెద్ద దూకుడు వస్తుంది, కళ్లు చికిలించి చూస్తే దొరుకుతుంది. విసుగు పుట్టించే పనే. కానీ మొబైల్ స్క్రీన్ మీద అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలనే నియమం యాప్, వెబ్‌సైటు తెరలు గీసే యూఐ కంపెనీల్లో రోజూ వినబడుతుంది. గ్రే స్కేలు వేసిన కన్ను టూల్ చెప్పకముందే తేడా పట్టేస్తుంది.

ఆ కన్నుకి తోడు ముద్రణ లెక్కలు రావాలి. 10 × 8 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) ఫైలు చేస్తే 8,640 × 6,912 పిక్సెల్స్ చాలు. ఎక్కడో విన్న 300 డీపీఐ సూత్రం పట్టుకుని అదే సైజుకి పెడితే వెడల్పు 36,000 పిక్సెల్స్ అవుతుంది, 30,000 దాటితే ఫోటోషాప్ మామూలు ఫైలు పీఎస్‌డీగా సేవ్ కానే కాదు. విజిటింగ్ కార్డుకి మాత్రం ఆ 300 కావాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపు గీత దాటి పొడిగించిన రంగు, కావాలి, ఎందుకంటే కత్తి ఎప్పుడూ గీత మీదే పడదు. ప్లేట్లతో ముద్రించే ఆఫ్‌సెట్‌లో నలుపు అక్షరం ఒక్క నల్ల ప్లేటులోనే ఉండాలి. ఫోటోషాప్‌లో తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలోని నలుపును నాలుగు ఇంకుల ముద్రణ పద్ధతి సీఎంవైకేలోకి మారిస్తే మామూలు సెట్టింగులో సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, నలుపు 90 శాతం అవుతుంది. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న తెలుగు అక్షరాల చుట్టూ రంగు నీడలు వస్తాయి, ఒత్తులు పూడిపోతాయి. శుభలేఖ తెచ్చుకున్న పెళ్లివారికి కారణం తెలియదు, "మసగ్గా ఉంది" అని మాత్రం తెలుస్తుంది.

లాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ 16 జీబీ చూసుకుని తెర సంగతి మర్చిపోతారు. చవక మోడళ్లలో తెర చూపగల రంగుల కొలత "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసుంటే దానిలో రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. మీరు దిద్ది దిద్ది ఎరుపు పెంచుతారు, అది బయట నెత్తురోడుతుంది. ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిని 100 శాతం చూపే తెర కావాలి. సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, క్రీటా ఉచితం, సీఎంవైకే పీడీఎఫ్ కోసం స్క్రైబస్ ఉంది, యాప్ తెరలు గీసే ఫిగ్మా విద్యార్థులకు ఉచితం. కాన్వా కూడా వాడుకోండి, లోగోకి మాత్రం వద్దు: అందులోని రెడీమేడ్ బొమ్మలతో చేసిన లోగోని ట్రేడ్‌మార్కు చేయించుకోవడానికి వాళ్ల లైసెన్సే ఒప్పుకోదు.

చదివాక ఉద్యోగాలు. హైదరాబాద్, బెంగళూరుల్లో యూఐ పనికి జీతం ఎక్కువ, పోటీ అంతకన్నా ఎక్కువ. అక్కడ మనవాళ్ల బలం తెలుగే. బ్యాంకు, ఆసుపత్రి, వ్యవసాయ యాప్‌లన్నీ ఇప్పుడు తెలుగులో కావాలి. ఇంగ్లీషు కోసం గీసిన బటన్‌లో తెలుగు పట్టదు, రెండో వరుసకి విరిగి కింద ఒత్తు సగం తెగిపోతుంది. ముందే తెలుగుతో గీసి చూపించే పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాల ఫైలు) వందలో ఒకటిగా కనబడుతుంది. మోషన్ గ్రాఫిక్స్, సినిమా పబ్లిసిటీ రాత్రింబవళ్ల పని, ఇష్టం ఉంటేనే. పత్రికల పేజీ లేఅవుట్ ఉద్యోగాలు తగ్గుతున్నాయి, అయినా అక్కడ రెండేళ్లు చేస్తే వేగం వస్తుంది. చిత్రకారులవుదామనుకునేవాళ్లు శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ముందేసుకుని, బొమ్మ ఎంత బాగుందో తర్వాత, పత్రిక పేరుకి చోటు ఎలా దొరికిందో ముందు చూడండి. అందరూ చిన్నచూపు చూసేది ప్రీప్రెస్, అంటే ప్లేటుకి వెళ్లేముందు ఫైలు తప్పులు పట్టే పని. నన్నడిగితే కాలేజీకి వెళ్లలేని పిల్లలు ఫ్లెక్సీ షాపుకి బదులు ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఇదే పనికి చేరడం మేలు. జీతం మొదట్లో అంతే ఉండొచ్చు, కానీ తప్పుల ఖరీదు కళ్లముందు కనబడుతుంది.

పోర్ట్‌ఫోలియోలో ఊహించిన కాఫీ షాపు లోగోలు పది పెట్టకండి, అవి అందరి దగ్గరా ఉంటాయి. పొందూరు ఖద్దరుకి ట్యాగు, బొబ్బిలి వీణకి పెట్టె మీద లేబుల్, సిరిమానోత్సవం రోజున విజయనగరం కోట చుట్టూ జనానికి దారి చూపే బోర్డులు, ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ: ఇలాంటివి నాలుగైదు, చిత్తుప్రతులతో సహా పెడితే చాలు.

సొంతంగా పని పట్టేవాళ్లకి డబ్బు సంగతి. సగం అడ్వాన్సు, ఎన్ని మార్పులు ఉచితమో (రెండు చాలు), ఏ ఫైళ్లు ఇస్తారో వాట్సాప్‌లో అయినా ముందే రాసుకోండి. "బాబూ, పేరు కొంచెం పెద్దది చెయ్" అనేది పన్నెండోసారి వచ్చినప్పుడు ఆ మెసేజే దిక్కు. హక్కులకు మాత్రం వాట్సాప్ చాలదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా చేసిన పని, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. బయటి మనిషిగా గీసిన లోగో సాధారణంగా గీసినవాళ్లదే, సంతకం చేసిన కాగితం మీద బదిలీ చేస్తేనే అవతలివాళ్లకి వెళ్తుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని అయిదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. జీడిపప్పు దుబాయ్‌కి ఎగుమతి చేసే వ్యాపారికి ఈ రెండు ఖాళీలూ చూపించి, అవి నింపాకే సంతకం పెట్టండి. ఆ రెండింటికీ ధర వేరుగా అడగొచ్చు.